చేతుల శుభ్రత మీద లిటరేచర్ రివ్యూ: కాలేజీ లైబ్రరీ నుంచి ప్రాజెక్టు డైరీ

సోమవారం

గైడ్ సార్ టాపిక్‌కి ఒప్పుకున్నారు. ఆసుపత్రి సిబ్బందిలో చేతులు శుభ్రం చేసుకునే అలవాటు పెరగాలంటే ఏ పద్ధతులు పనిచేస్తాయి అన్నది మా ప్రాజెక్టు. రోగుల దగ్గరికి వెళ్లి కొత్తగా స్టడీ ఏదీ చేయం. ఇప్పటికే అచ్చయిన పరిశోధన వ్యాసాలను వెతికి, ఏరి, చదివి, అన్నీ కలిపి చూస్తే ఏం తేలుతోందో రాస్తాం. నేనూ నా క్లాస్‌మేటూ ఇద్దరం కలిసి చేస్తున్నాం.

సార్ ఒక్క విషయం గట్టిగా చెప్పారు. "ఏం దొరికిందో రాస్తే సరిపోదమ్మా. ఎక్కడ వెతికారు, ఏ మాటలతో వెతికారు, ఏ పేపర్ ఎందుకు పక్కన పెట్టారు, అన్నీ ఉండాలి. మీ రిపోర్టు పట్టుకుని ఇంకొకరు వెతికితే వాళ్లకీ అవే పేపర్లు రావాలి." అందుకే ఈ డైరీ. చేసిన పని ఆ రోజే రాసుకోకపోతే వారం తర్వాత ఏ ఫిల్టర్ పెట్టామో గుర్తుండదు.

పైకి చిన్న టాపిక్‌లాగే ఉంటుంది. చేతులు కడుక్కోవాలని ఎవరికి తెలియదు? 1847లోనే వియన్నా ప్రసూతి ఆసుపత్రిలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ డాక్టర్ల చేత క్లోరిన్ ద్రావణంతో చేతులు కడిగించాడు, బాలింతల మరణాలు బాగా తగ్గాయి. ఇంత కాలంగా తెలిసిన సంగతి ఇప్పటికీ పూర్తిగా అలవాటు కాలేదు. ఏం చేస్తే అవుతుంది అన్నదాని మీద బోలెడంత పరిశోధన ఉంది. సరిగ్గా వెతకకుండా చేతికందిన నాలుగు పేపర్లతో రాసేస్తే, అది నమ్మి ఏదో ఒక వార్డులో ఎవరో పనికిరాని పద్ధతి మొదలుపెట్టొచ్చు. మంచం మీద ఉన్న రోగికి దాని ఫలితం తగులుతుంది. ఈ సంగతి మనసులో పెట్టుకునే పని మొదలుపెడుతున్నాం.

మంగళవారం

ఈ రోజంతా ప్రశ్నతోనే సరిపోయింది. వెతకడం మొదలుపెట్టకుండా కాగితం మీద ఇంతసేపు కూర్చోవాలా అని నా క్లాస్‌మేట్ విసుక్కుంది గానీ, కూర్చోవడమే మంచిదైంది.

"చేతుల శుభ్రత" అని వదిలేస్తే బడిపిల్లల చేతులు, వంటవాళ్ల చేతులు, ఇళ్లలో సబ్బు వాడకం, సర్జన్లు ఆపరేషన్‌కి ముందు చేసే స్క్రబ్, అన్నీ వచ్చి పడతాయి. అందుకని పీకో చట్రంలో పెట్టి చూశాం. 1990ల మధ్య నుంచి వైద్య పరిశోధనలో బాగా వాడుకలో ఉన్న పద్ధతి ఇది. ఎవరి గురించి, ఏం చేస్తే, దేనితో పోలిస్తే, ఏ ఫలితం అని నాలుగు ముక్కలుగా ప్రశ్నను విడదీస్తుంది. మాకు తేలిన ప్రశ్న ఇది: ఆసుపత్రిలో రోగులను చూసుకునే సిబ్బందికి గుర్తుచేసే బోర్డులు, పనితీరు లెక్కలు చెప్పడం, మంచం పక్కనే శానిటైజర్ పెట్టడం, శిక్షణ లాంటివి ఏర్పాటు చేస్తే, మామూలుగా వదిలేసిన చోటుతో పోలిస్తే, చేతుల శుభ్రత పాటించడం పెరుగుతోందా?

చివరి ముక్క దగ్గర కాసేపు వాదించుకున్నాం. ఆసుపత్రిలో సోకే ఇన్ఫెక్షన్లు తగ్గాయా అన్నదే అసలు ఫలితం కదా అని తను. నిజమే. కానీ ఇన్ఫెక్షన్లు తగ్గడానికి, పెరగడానికి చేతులొక్కటే కారణం కాదు, యాంటీబయాటిక్స్ వాడకం, కాథెటర్లు, రోగుల రద్దీ, చాలా ఉంటాయి. అందుకని పాటించడాన్ని ముఖ్య ఫలితంగా, ఇన్ఫెక్షన్ల రేటును రెండో ఫలితంగా రాసుకున్నాం. సర్జికల్ స్క్రబ్ వద్దు, ఆసుపత్రి బయటి స్టడీలు వద్దు.

ఏ సంవత్సరం నుంచి వెతకాలో కూడా ఇప్పుడే తేల్చుకున్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్య సేవల్లో చేతుల శుభ్రత మీద మార్గదర్శకాలు ఇచ్చింది 2009లో. రోగిని ముట్టుకునే ముందు, శుభ్రంగా చేయాల్సిన ప్రక్రియకు ముందు, శరీర ద్రవాలు అంటే అవకాశం ఉన్న పని తర్వాత, రోగిని ముట్టుకున్న తర్వాత, రోగి చుట్టూ ఉన్న వస్తువులను ముట్టుకున్న తర్వాత అని ఐదు సందర్భాలు అందులో ఉన్నాయి. అప్పటి నుంచి కొలిచే పద్ధతి చాలాచోట్ల ఒకేలా మారింది. కాబట్టి 2009 నుంచి చూస్తాం. అంతకు ముందువి నేపథ్యం కోసం మాత్రమే. ఊరికే "గత పదేళ్లు" అని పెట్టుకోవడం కంటే ఇలా ఒక కారణం ఉండటం నయం.

బుధవారం

లైబ్రేరియన్ మేడమ్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుని కూర్చున్నాం. ఈ మొత్తం పనిలో ఒక్క సలహా ఇవ్వమంటే నేనిచ్చేది ఇదే: ముందు వెళ్లి మీ లైబ్రేరియన్‌తో మాట్లాడండి. మేం రాసుకున్న ప్రశ్న చూసి ఆవిడ ముందు అడిగింది, "ఇంటి నుంచి లైబ్రరీ లాగిన్ పనిచేస్తోందామ్మా?" అని.

ఆ ప్రశ్న ఎందుకో ఆవిడ వివరించాక అర్థమైంది. జర్నళ్లకు చందా కట్టేది కాలేజీ. చదవడానికి వచ్చింది కాలేజీ వాళ్లేనని పబ్లిషర్ సైటు గుర్తుపట్టేది చాలావరకు నెట్‌వర్క్ అడ్రస్‌ను బట్టి. క్యాంపస్ వైఫైలో ఉంటే పేపర్ దానంతటదే తెరుచుకుంటుంది. ఇంటి నుంచి నేరుగా వెళ్తే మనమెవరో దానికి తెలియదు, డబ్బు కట్టమని పేజీ చూపిస్తుంది. లైబ్రరీ పేజీలో లాగిన్ అయి అక్కడి నుంచి వెళ్తే మధ్యలో లైబ్రరీ ప్రాక్సీ సర్వర్ ఉంటుంది, పబ్లిషర్‌కి కనిపించేది కాలేజీ అడ్రస్. మేడమ్ బ్రౌజర్ పైన అడ్రస్ గీతను వేలితో చూపించారు. జర్నల్ సైటు అడ్రస్‌లో చుక్కలున్న చోట అడ్డగీతలు వచ్చి, చివర మన లైబ్రరీ ప్రాక్సీ పేరు అతుక్కుని ఉంది. "ఆ తోక ఉందంటే మీరు లోపల ఉన్నట్టు. లేకపోతే మళ్లీ లైబ్రరీ పేజీ నుంచి రండి. ఏ పేపర్‌కీ సొంత డబ్బు కట్టకండి, ముందు నన్నడగండి."

ఇంకో రెండు సెట్టింగులు చేయించారు. పరిశోధన వ్యాసాలు వెతికే గూగుల్ స్కాలర్ సెట్టింగ్స్‌లో లైబ్రరీ లింక్స్ అని ఉంటుంది. అక్కడ కాలేజీ పేరు వెతికి టిక్ పెడితే, ఫలితాల పక్కన మన లైబ్రరీలో ఉన్న పేపర్లకు విడిగా లింకు కనిపిస్తుంది. వైద్య వ్యాసాల సూచిక పబ్‌మెడ్‌ను కూడా మామూలుగా కాకుండా లైబ్రరీ పేజీలో ఇచ్చిన లింకు నుంచే తెరవాలి. అప్పుడే ప్రతి ఆర్టికల్ దగ్గర మన లైబ్రరీ బటన్ వస్తుంది. ఆ బటన్ నొక్కితే ఆ పేపర్ టైటిల్, సంవత్సరం, సంపుటి, పేజీ వివరాలు తీసుకుని, కాలేజీ చందాల్లో అది ఎక్కడుందో వెతికి తీసుకెళ్తుంది. ఒకే జర్నల్ ఒక ప్యాకేజీలో పాత సంచికల వరకే, ఇంకో ప్యాకేజీలో కొత్తవి మాత్రమే ఉండొచ్చు. అదంతా మనం గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

బయటికి వస్తుంటే కింది అరలో ఇండెక్స్ మెడికస్ సంపుటాలు కనిపించాయి. 1879లో మొదలైన వైద్య వ్యాసాల సూచిక, అచ్చులో 2004 దాకా వచ్చింది. ఒక వ్యాసం కోసం ఏడాదికో లావుపాటి పుస్తకం తిరగేసేవాళ్లట. ఒకటి తీసి చూశాను. విషయం వారీగా సన్నటి అక్షరాల్లో టైటిళ్ల వరస. ఇప్పుడు పబ్‌మెడ్‌లో మనం క్షణంలో చేసే పనికి పునాది అక్కడే ఉంది.

గురువారం

పబ్‌మెడ్ రోజు. ఎక్కువ నేర్చుకున్న రోజు కూడా.

ముందు పబ్‌మెడ్ అంటే ఏమిటో స్పష్టంగా రాసుకుంటున్నాను, ఎందుకంటే మా బ్యాచ్‌లో చాలామంది అది పేపర్లు దాచిన చోటు అనుకుంటున్నారు. అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ నడిపే ఉచిత సూచిక అది. 1996 నుంచి ఉంది. మూడున్నర కోట్లకు పైగా వ్యాసాల వివరాలు, చాలావాటికి అబ్‌స్ట్రాక్ట్‌లు, అంటే వ్యాసం సారాంశాలు, ఉంటాయి. పూర్తి పేపర్ అందులో ఉండదు, అది ఉన్న చోటికి లింకు ఉంటుంది. పూర్తి పాఠాలు ఉచితంగా దాచేది దాని తోబుట్టువు లాంటి పబ్‌మెడ్ సెంట్రల్, 2000లో మొదలైంది.

వెతుకు పెట్టెలో "హ్యాండ్ హైజీన్" అని ఇంగ్లిష్‌లో కొటేషన్లు లేకుండా కొట్టాం. గుట్టలుగా వచ్చాయి. మేడమ్ చెప్పినట్టు అడ్వాన్స్‌డ్ పేజీకి వెళ్లి, సెర్చ్ హిస్టరీలో డీటెయిల్స్ తెరిచి చూశాం. మనం కొట్టిన రెండు మాటలనూ పబ్‌మెడ్ తనంతట తాను విస్తరించుకుంది. హ్యాండ్ హైజీన్ అనే మెష్ శీర్షిక ఒకటి, ఆ రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నవి ఒకటి, ఇవి కాక "హ్యాండ్" ఎక్కడో, "హైజీన్" ఇంకెక్కడో ఉన్నా సరే అని ఇంకొకటి. ఈ మూడోదాని వల్ల ఏం జరుగుతుందో ఆలోచించండి. పళ్ల మీద రాసిన ఒక వ్యాసంలో "ఓరల్ హైజీన్" అని ఒక వాక్యంలో, "ఆన్ ది అదర్ హ్యాండ్" అని ఇంకో వాక్యంలో ఉంటే చాలు, అది మా జాబితాలోకి వచ్చేస్తుంది. కొటేషన్లలో పెడితే ఈ విస్తరణ ఆగిపోతుంది. కానీ దాంతోపాటు మెష్ శీర్షిక కూడా పోతుంది. కాబట్టి మెష్‌ను విడిగా మనమే చేర్చుకోవాలి.

మెష్ అంటే మెడికల్ సబ్జెక్ట్ హెడింగ్స్, 1960 నుంచి ఉన్న విషయ శీర్షికల పట్టిక. రచయిత ఏ మాట వాడినా, వ్యాసం దేని గురించో చూసి దానికి ఒకే శీర్షిక తగిలిస్తారు. మేం "హాస్పిటల్ అక్వైర్డ్ ఇన్ఫెక్షన్" అని వెతుకుతుంటే ఆ పట్టికలో దాని పేరు "క్రాస్ ఇన్ఫెక్షన్". మేం "కంప్లయన్స్" అంటుంటే మాకు కావాల్సిన శీర్షిక "గైడ్‌లైన్ అడ్హియరెన్స్". "హ్యాండ్ హైజీన్" కింద పిల్ల శీర్షికగా "హ్యాండ్ డిసిన్ఫెక్షన్" ఉంది, పైది తీసుకుంటే పబ్‌మెడ్ కిందిదాన్ని కూడా కలుపుకునే వెతుకుతుంది. ఈ పట్టిక చూడకుండా వెతికేవాళ్లు సగం పేపర్లు ఉన్నాయని కూడా తెలియకుండా వదిలేస్తారని నాకు గట్టిగా అనిపించింది.

అలాగని మెష్ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. పబ్‌మెడ్‌లో ఉన్న ప్రతి రికార్డుకీ ఈ శీర్షికలు ఉండవు. మెడ్‌లైన్ అనే ముఖ్య భాగంలో ఉన్నవాటికే ఉంటాయి. మిగతావి టైటిల్, అబ్‌స్ట్రాక్ట్‌లో ఉన్న మాటలతోనే దొరుకుతాయి. అందుకని ఒక్కో భావానికీ శీర్షిక ఒకటి, మామూలు మాటలు కొన్ని, వాటి మధ్య "ఆర్" (ఏ ఒక్కటి ఉన్నా చాలు). ఒక భావం పూర్తయ్యాక ఇంకో భావానికి "ఆండ్" (రెండూ ఉండాలి). మా మొదటి వరుస ఇలా తేలింది: హ్యాండ్ హైజీన్ మెష్ శీర్షిక, ఆర్ టైటిల్ లేదా అబ్‌స్ట్రాక్ట్‌లో "హ్యాండ్ హైజీన్", ఆర్ "హ్యాండ్ వాషింగ్", ఆర్ "హ్యాండ్ శానిటైజర్", ఆర్ "ఆల్కహాల్ హ్యాండ్ రబ్". రెండో వరుసలో సిబ్బంది, మూడో వరుసలో పాటించడానికి సంబంధించిన మాటలు. నర్స్, నర్సెస్, నర్సింగ్ మూడింటికీ కలిపి ఎన్, యూ, ఆర్, ఎస్ అని కొట్టి నక్షత్రం గుర్తు పెడితే చాలు.

"నాట్" (ఈ మాట ఉన్నవి వద్దు) మాత్రం వాడలేదు. సర్జికల్ స్క్రబ్ వద్దు కదా అని "నాట్ సర్జికల్" పెడదామంది నా క్లాస్‌మేట్. అలా పెడితే సర్జికల్ వార్డులో నర్సుల మీద చేసిన మంచి స్టడీ కూడా ఎగిరిపోతుంది. అక్కర్లేనివి కంటితో చూసి తీసేయడమే క్షేమం.

"ఫ్రీ ఫుల్ టెక్స్ట్" ఫిల్టర్ కూడా పెట్టకూడదని నిర్ణయించుకున్నాం. చాలామంది మొదటి క్లిక్ అక్కడే చేస్తారు. ఉచితంగా దొరకడానికీ స్టడీ నాణ్యతకూ సంబంధం లేదు, పైగా కాలేజీ చందా కట్టిన జర్నళ్లన్నీ ఆ ఒక్క టిక్కుతో మాయమైపోతాయి. భాషకు ఇంగ్లిష్ ఫిల్టర్ పెట్టాం, మాకు చదవడం వచ్చింది అదే కాబట్టి. దాన్ని రిపోర్టులో మా రివ్యూ పరిమితిగా రాస్తాం.

చివర్లో ఒక పరీక్ష. ఈ టాపిక్‌లో తప్పక రావాల్సినవని సార్ కొన్ని పేపర్లు ఇచ్చారు. వాటి పబ్‌మెడ్ నంబర్లను "ఆర్"తో కలిపి, మా వెతుకులాటతో "ఆండ్" చేశాం. రాని పేపర్ ఏదో వెంటనే బయటపడుతుంది. ఒకటి రాలేదు. అందులో "హ్యాండ్‌వాషింగ్" అని ఒకే మాటగా కలిపి రాశారు. ఆ రూపం కూడా చేర్చాక అన్నీ వచ్చాయి. పూర్తి వరుసలను, ప్రతి వరుసకీ వచ్చిన సంఖ్యను, తేదీని ఫైల్లో పెట్టాం. పబ్‌మెడ్‌లో కొత్తవి రోజూ చేరుతుంటాయి కాబట్టి తేదీ లేకుండా ఆ సంఖ్యకు అర్థం లేదు.

శనివారం

సినాల్‌లో అదే ప్రశ్న. నర్సింగ్, అనుబంధ ఆరోగ్య రంగాల సూచిక ఇది, 1961 నుంచి అచ్చులో వచ్చేది, ఇప్పుడు కాలేజీ లైబ్రరీల్లో ఎబ్‌స్కో ద్వారా దొరుకుతుంది. ఉచితం కాదు, లాగిన్ ఉంటేనే. మా టాపిక్‌కి ఇది తప్పనిసరి, ఎందుకంటే పబ్‌మెడ్‌లో లేని నర్సింగ్ జర్నళ్లు ఇందులో ఉన్నాయి.

పబ్‌మెడ్ వరుసలను ఇక్కడ అలాగే అతికిస్తే పనిచేయవు. దీనికి సొంత శీర్షికల పట్టిక ఉంది. పిల్ల శీర్షికలను కలుపుకోవడం ఇక్కడ దానంతటది జరగదు, "ఎక్స్‌ప్లోడ్" అని టిక్ పెట్టాలి. ఇంకో సౌకర్యం మాకు బాగా నచ్చింది. రెండు మాటల మధ్య ఎన్ అక్షరం, పక్కన 3 అంకె పెడితే, ఆ మాటలు ఏ క్రమంలో ఉన్నా దగ్గరదగ్గరగా ఉంటే పట్టుకుంటుంది. "హైజీన్ ఆఫ్ ది హ్యాండ్స్" అని రాసినవాళ్లూ దొరుకుతారు.

ఇందులో పీర్ రివ్యూడ్ (అచ్చుకు ముందు ఆ రంగం నిపుణులు పరిశీలించినవి) అనే టిక్కు ఉంది, పబ్‌మెడ్‌లో అలాంటిది లేదు. ఆ టిక్కు పెట్టాక కూడా చూసుకోవాలి. అది జర్నల్ గురించి చెప్పే మాట. అదే జర్నల్‌లో వచ్చే సంపాదకీయం, పాఠకుల ఉత్తరం, వార్త లాంటివి పరిశోధన వ్యాసాలు కావు. పద్ధతులు, ఫలితాలు అనే భాగాలు ఉన్నాయా అని తెరిచి చూస్తే తెలిసిపోతుంది.

కాక్రేన్ లైబ్రరీలో పని త్వరగా అయిపోయింది. ఆర్చీ కాక్రేన్ పేరు మీద 1993లో మొదలైన సంస్థ చేసే సిస్టమాటిక్ రివ్యూలు, అంటే ఒక ప్రశ్న మీద వచ్చిన స్టడీలను పద్ధతిగా వెతికి కలిపి చూసిన వ్యాసాలు, అందులో ఉంటాయి. మా ప్రశ్నకు బాగా దగ్గరైన రివ్యూ దొరికింది, 2017 నాటిది. ఆసుపత్రుల్లో చేతుల శుభ్రత పెంచే పద్ధతుల మీద 26 స్టడీలు తీసుకున్నారు. దాన్ని చూసి మా ప్రాజెక్టు అవసరమా అని కాసేపు టెన్షన్ పడ్డాం. సార్‌కి మెసేజ్ పెడితే, "దాని తర్వాత వచ్చినవి ఉన్నాయి కదా, పైగా వాళ్లు తీసుకోని రకం స్టడీలు మీరు చూస్తున్నారు, కానివ్వండి" అన్నారు. వాళ్లు వెతికిన మాటల జాబితా ఆ రివ్యూ చివర అనుబంధంలో పూర్తిగా ఉంది. మాతో పోల్చి చూసుకున్నాం. ఇంత పెద్ద పని చేసినవాళ్లు తమ వెతుకులాటను అక్షరం పొల్లుపోకుండా అందరికీ చూపించడం చూస్తే గౌరవం కలిగింది.

సోమవారం

అన్నిటినీ జొటెరోలోకి దింపి, రెండు చోట్లా వచ్చిన పేపర్లను కలిపేశాం. రిఫరెన్సులు దాచుకోవడానికి 2006 నుంచి ఉన్న ఉచిత సాఫ్ట్‌వేర్ అది, డూప్లికేట్లను తనే చూపిస్తుంది. అయినా కంటితో చూసుకోవాలి. ఒకచోట రచయిత పూర్తి పేరు, ఇంకోచోట పొడి అక్షరాలు ఉంటే కొన్నిసార్లు పట్టుకోదు. డీఓఐ నంబర్ ఒకటేనా అని చూడటం సులువు. 10తో మొదలయ్యే ఆ నంబర్ పేపర్‌కి జీవితాంతం మారదు, జర్నల్ సైటు అడ్రస్ మారినా సరే.

మంగళవారం, బుధవారం

టైటిల్, అబ్‌స్ట్రాక్ట్ చదివి ఏరడం. ఇద్దరం విడివిడిగా, ఒకరిది ఒకరు చూడకుండా. సాయంత్రం కలిసి పోల్చుకున్నాం. ఎక్కువ చోట్ల ఇద్దరి మాటా ఒకటే. తేడా వచ్చినవాటిలో చాలావరకు ఒకే రకం. నర్సింగ్ విద్యార్థుల మీద చేసిన స్టడీలు "ఆసుపత్రి సిబ్బంది" కిందకు వస్తాయా, రావా? వార్డులో రోగులను చూసుకుంటున్నప్పుడు కొలిస్తే తీసుకోవాలి, క్లాస్‌రూమ్‌లో పరీక్షించినవి వద్దు అని రాసుకుని, ఆ నియమాన్ని మొదటి నుంచి అన్నిటికీ మళ్లీ వర్తింపజేశాం. అనుమానం ఉన్నవాటిని తీసేయకుండా ఫుల్ టెక్స్ట్ చదివాకే తేలుద్దాం అని పెట్టాం.

శుక్రవారం

ఫుల్ టెక్స్ట్‌ల వేట. చాలావాటికి లైబ్రరీ బటన్ నేరుగా పీడీఎఫ్ దగ్గరికి తీసుకెళ్లింది. కొన్ని చందాలో లేవు. వాటికి మేడమ్ చెప్పిన క్రమం: ముందు పబ్‌మెడ్ సెంట్రల్, తర్వాత గూగుల్ స్కాలర్‌లో "ఆల్ వెర్షన్స్", తర్వాత బ్రౌజర్‌లో అన్‌పేవాల్ ఎక్స్‌టెన్షన్. ఇది చట్టబద్ధంగా ఉచితంగా పెట్టిన ప్రతులనే చూపిస్తుంది. అక్కడా లేకపోతే ఇంటర్ లైబ్రరీ లోన్. ఫారం నింపితే మన లైబ్రరీ ఇంకో లైబ్రరీని అడిగి స్కాన్ తెప్పిస్తుంది. ఒక సైటులో డబ్బు కట్టమన్న పేపర్ ఇలా మెయిల్‌కి వచ్చేసింది, పేజీల అంచున ఎవరో పెన్సిల్‌తో గీసిన గీతలతో సహా. ఈ సేవ ఉందని తెలియక ఎంతమంది విద్యార్థులు మంచి పేపర్లు వదిలేస్తున్నారో అనిపిస్తుంది. లైబ్రరీ తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టాల్సిన సంగతి ఇది.

ఆదివారం

చదువు. వెతికిన శ్రమంతా ఎందుకో ఈ రోజు తెలిసింది.

2010లో ఇన్ఫెక్షన్ కంట్రోల్ అండ్ హాస్పిటల్ ఎపిడెమియాలజీ జర్నల్‌లో వచ్చిన రివ్యూ ఒకటి నేపథ్యానికి తీసుకున్నాం. 96 స్టడీలు కలిపి చూశారు. చేతులు శుభ్రం చేసుకోవాల్సిన సందర్భాల్లో పాటించింది మధ్యస్థంగా 40 శాతం. డాక్టర్లలో 32, నర్సుల్లో 48. నన్ను ఆపేసిన అంకె ఇంకొకటి ఉంది. రోగిని ముట్టుకున్న తర్వాత 47 శాతం, ముట్టుకోక ముందు 21 శాతమే. ముట్టుకున్న తర్వాత కడుక్కోవడంలో తమను కాపాడుకోవాలన్న ఆలోచన ఎంతో కొంత ఉంటుంది. ముందు కడుక్కోవడం ముఖ్యంగా రోగి కోసం. ఆ తేడా చూశాక, ఒక్కో పేపర్ వివరాలు రాసుకునే మా డేటా షీట్‌లో ముందు, తర్వాత అని రెండు వేరు గడులు పెట్టాం. మొత్తం శాతం ఒక్కటే రాసుకుని ఉంటే ఈ సంగతి కలిసిపోయేది.

2014లో బీఎంజే క్వాలిటీ అండ్ సేఫ్టీలో వచ్చిన ఇంకో పేపర్ కొలిచే పద్ధతినే ప్రశ్నించింది. శానిటైజర్ డిస్పెన్సర్లకు ఎలక్ట్రానిక్ లెక్క పెట్టి చూశారు. పరిశీలకుడు కనుచూపు మేరలో ఉన్న వరండాల్లో వాడకం, ఎవరూ లేనప్పటి కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువ. అంటే మనిషి నిలబడి చూసి రాసిన శాతాలున్న ప్రతి పేపర్‌నీ ఈ విషయం గుర్తుపెట్టుకునే చదవాలి. మా షీట్‌లో ఇంకో గడి పెరిగింది: ఎలా కొలిచారు, ఎవరు కొలిచారు, కొలుస్తున్నట్టు సిబ్బందికి తెలుసా.

కాక్రేన్ రివ్యూ నిర్ధారణలు చాలా జాగ్రత్తగా ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పద్ధతుల్లో కొన్నిటిని కలిపి అమలు చేస్తే పాటించడం కొద్దిగా పెరగవచ్చు, పనితీరు లెక్కలు తిరిగి చెప్పడం ఉపయోగపడవచ్చు, కానీ ఆధారాల మీద నమ్మకం తక్కువ స్థాయిలోనే అన్నారు. ఇన్ని స్టడీలు చదివినవాళ్లు కూడా "పెరగవచ్చు" దగ్గరే ఆగారంటే మేం మా రిపోర్టులో గట్టి మాటలు వాడే ముందు బాగా ఆలోచించుకోవాలి.

సాయంత్రం ముందుకీ వెనక్కీ వెతికాం. మంచి పేపర్ చివరున్న రిఫరెన్సులు చూస్తే పాతవి దొరుకుతాయి. గూగుల్ స్కాలర్‌లో "సైటెడ్ బై" నొక్కితే దాన్ని ఉటంకించిన కొత్తవి దొరుకుతాయి. 2000లో లాన్సెట్‌లో వచ్చిన డిడియర్ పిటెట్ బృందం జెనీవా స్టడీ నుంచి మొదలుపెట్టాం. ఆసుపత్రి మొత్తం ప్రచారం చేసి, మంచాల దగ్గర హ్యాండ్ రబ్ పెట్టాక పాటించడం 1994లో 48 శాతం నుంచి 1997లో 66 శాతానికి పెరిగింది, ఆసుపత్రి ఇన్ఫెక్షన్లు 16.9 శాతం నుంచి 1998 నాటికి 9.9 శాతానికి తగ్గాయి. మా సంవత్సరాల పరిధికి బయటిదే, కానీ దీన్ని ఉటంకించినవాటిలో మా రెండు డేటాబేసుల్లోనూ రాని పేపర్లు కొన్ని దొరికాయి. స్కాలర్‌ను అసలు వెతుకులాటకు వాడకుండా ఇలా తోడుగానే వాడాలన్నది నా అభిప్రాయం. ఏయే జర్నళ్లు అందులో ఉన్నాయో జాబితా లేదు, ఏ వెతుకులాటకైనా మొదటి 1000 ఫలితాలకు మించి చూపించదు.

బుధవారం

మేడమ్ మా వెతుకులాట వరుసలన్నీ చదివి, ఒక బ్రాకెట్ స్థానం మార్పించారు. "ఆర్"లన్నీ ఒక బ్రాకెట్‌లో లేకపోతే పబ్‌మెడ్ ఎడమ నుంచి కుడికి వరసగా లెక్క వేసుకుంటూ పోతుంది, అర్థమే మారిపోతుంది. సవరించి మళ్లీ నడిపాం, కొత్తగా వచ్చినవాటిని కూడా అదే పద్ధతిలో ఏరాం.

మేం ఏరిన ప్రతి పేపర్‌నీ, అచ్చేసిన జర్నల్ తర్వాత వెనక్కి తీసుకుందేమో చూశాం. 1998లో లాన్సెట్‌లో వచ్చిన, టీకాను ఆటిజంతో ముడిపెట్టిన వేక్‌ఫీల్డ్ పేపర్, 12 మంది పిల్లల మీద రాసింది, 2010లో గానీ పూర్తిగా రద్దు కాలేదు. రద్దయిన పేపర్ మీద పబ్‌మెడ్ స్పష్టంగా హెచ్చరిక చూపిస్తుంది, జొటెరో కూడా ఎరుపు గుర్తు పెడుతుంది. మా జాబితాలో అలాంటివి లేవు. మెడ్‌ఆర్కైవ్ సైటు నుంచి వచ్చిన ప్రీప్రింట్లను, అంటే జర్నల్‌లో అచ్చు కాకముందే రచయితలు బయటపెట్టిన ప్రతులను, మాత్రం విడిగా పెట్టాం. వాటిని పీర్ రివ్యూ చేయలేదు కాబట్టి, తర్వాత జర్నల్‌లో అచ్చయ్యాయేమో చూసి, అచ్చయిన రూపాన్నే తీసుకుంటాం.

ప్రిస్మా 2020 బొమ్మ సగం నింపాం. ఎన్ని దొరికాయి, డూప్లికేట్లు ఎన్ని పోయాయి, చదివి ఎన్ని తీసేశాం, ఎందుకు తీసేశాం అన్నది పెట్టెలూ బాణాలుగా చూపించే చిత్రం. రోజూ రాసుకున్నందువల్ల అంకెల కోసం వెనక్కి వెతుక్కోవాల్సిన పని పడలేదు. ఫుల్ టెక్స్ట్ చదివాక తీసేసినవాటికి ఒక్కోదానికీ కారణం పక్కనే ఉంది.

పబ్‌మెడ్‌లో ఈ వెతుకులాటను మై ఎన్‌సీబీఐ ఖాతాలో సేవ్ చేసి, వారానికోసారి మెయిల్ వచ్చేలా పెట్టాం. సినాల్‌లో కూడా అలర్ట్ పెట్టాం. రిపోర్టు ఇచ్చేలోపు కొత్తది ఏదైనా వస్తే ముందు నా క్లాస్‌మేట్ చదువుతుంది, తర్వాత నేను. రేపటి నుంచి డేటా షీట్ నింపడం మొదలు. తను అకారాది క్రమంలో మొదటి నుంచి, నేను చివరి నుంచి, మధ్యలో కలుసుకున్నాక ఒకరి గడులు ఒకరం సరిచూస్తాం.